సీజింగ్ కారు వేలంలో కొనొచ్చా? మన బోర్డర్ వాళ్ళు ముందు నెంబర్ ప్లేట్ చూడండి

ఒడిశా-ఆంధ్ర బోర్డర్‌లో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ సైడు మనోళ్ళు ఈ మధ్య తెగ అడుగుతున్నారు, ఫైనాన్స్ వాళ్ళు సీజ్ చేసిన కార్లు వేలంలో సగం రేటుకే వస్తున్నాయంట కదా, తీస్కోవచ్చా అని. సగం రేటుకి ఏదీ రాదు బాబూ, సీజ్ చేసిన బళ్ళు పెట్టే యార్డులో మీ పక్కన నిలబడి పాట పాడేది రోజూ అదే పని చేసే డీలర్లు, వాళ్ళకి ఏ బండి ఎంతకి అమ్ముడుపోతుందో వేళ్ళ మీద లెక్క. కాకపోతే బయట రేటు కంటే తక్కువకి రావడం నిజమే. ఆ తేడా మన జేబులో మిగుల్తుందా, బోర్డర్ దాటేసరికి కరిగిపోతుందా అన్నదే చూస్కోవాలి.

మనకి యార్డులంటే అటు భువనేశ్వర్, కటక్, ఇటు వైజాగ్. తెలుగులో మాట్లాడుకోవచ్చు, తెలిసిన మెకానిక్ ఉంటాడు అని చాలామంది వైజాగే పోతారు. అక్కడ ఏపీ 31, ఏపీ 39 బళ్ళు ఉంటాయి, మీ ఆధార్ మాత్రం గంజాం జిల్లాది. అంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తేవాలి, అది ఫారం 28, తర్వాత ఒడిశాలో మళ్ళీ టాక్స్ కట్టి ఓడీ 07 నెంబర్ తీస్కోవాలి. పాత రాష్ట్రంలో కట్టిన లైఫ్ టాక్స్ రిఫండ్ అడగొచ్చు గానీ, సీజింగ్ బండికి ఆ టాక్స్ కట్టినాయన ఎక్కడున్నాడో ఎవరికి తెల్సు, కాబట్టి ఆ డబ్బు లెక్కలో వేస్కోకండి.

ఒక లెక్క ఊరికే అనుకుందాం. బయట 4 లక్షలు పలికే కారు మీకు పాటలో 3 లక్షల 10 వేలకి వచ్చింది. యార్డు వాళ్ళ ఫీజు, దాని మీద జీఎస్టీ కలిపి 13 వేలు, ఇన్సూరెన్స్ 12 వేలు, ఒడిశా టాక్స్ 28 వేలు, ఎన్ఓసీ తిరుగుళ్ళు, ఏజెంటు ఖర్చు 10 వేలు, బ్యాటరీ, టైర్లు, క్లచ్, టోయింగ్ 38 వేలు. మొత్తం 4 లక్షల 11 వేలు. అదే బండి ఓడీ నెంబర్‌దయితే ఆ టాక్స్ ఉండదు, ఏజెంటు ఖర్చు 4 వేలకి దిగుతుంది, అప్పుడు 3 లక్షల 77 వేలకి పడుతుంది, 23 వేలు మిగిలినట్టు. అందుకే నా మాట ఏటంటే, ఒడిశాలో ఉంటే ఓడీ బండే చూడండి, ఇచ్ఛాపురం, పలాస వాళ్ళయితే ఏపీ బండే చూడండి. పక్క రాష్ట్రం బండయితే బయట రేటుకీ పాట రేటుకీ కనీసం లక్షన్నర తేడా ఉంటే తప్ప చెయ్యెత్తొద్దు.

కొందరు తెలివిగా ఇచ్ఛాపురంలో బావమరిది అడ్రస్ మీద ఆర్సీ చేయిస్తారు. అలా చేస్తే కాగితం మీద ఓనరు ఆయనే, ఇన్సూరెన్స్ ఆయన పేరే, రేపు బండి ఎవర్నైనా గుద్దితే కోర్టు నోటీసు ఆయనకే వెళ్తుంది. పండక్కి అత్తారింటికి వెళ్ళాలి కదా, ఆలోచించుకోండి.

పాటకి ముందు ఈఎండీ అని డిపాజిట్ కట్టించుకుంటారు, పాట మనకి రాకపోతే వెనక్కి ఇస్తారు, వచ్చాక మనం వద్దంటే మాత్రం పోయినట్టే. ఇంకోటి, పాట మన మీద ఆగినంత మాత్రాన బండి మనది అయిపోదు, చాలా వాటికి బ్యాంకు అప్రూవల్ రావాలి, రేటు తక్కువ అనిపిస్తే వాళ్ళు ఇవ్వరు. అప్రూవల్ వచ్చాక డబ్బు కట్టడానికి మాత్రం కొద్ది రోజులే టైం, లేటయితే పార్కింగ్ చార్జీలు ఎక్కుతాయి. లోన్ పెట్టి కొందాం అనుకుంటే అది ముందే మాట్లాడుకుని ఉండాలి.

కాగితాల దగ్గరే అసలు కత. ముందు ఎంపరివాహన్ యాప్‌లో బండి నెంబర్ కొట్టండి, ఎన్నో ఓనరు, ఏ ఫైనాన్స్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, బ్లాక్‌లిస్ట్ ఉందా, అన్నీ వస్తాయి. ఈ-చలానా సైట్‌లో కూడా చూడండి, పాత చలాన్లు మన నెత్తికే చుట్టుకుంటాయి. పాత ఓనరు ఆర్సీ ఇవ్వనని మొండికేస్తే ఫైనాన్స్ వాళ్ళు ఫారం 36 పెట్టి ముందు వాళ్ళ పేరు మీద కొత్త ఆర్సీ తీయించాలి, ఆ తర్వాతే 29, 30 ఫారాలతో మనకి ట్రాన్స్‌ఫర్. హెచ్‌పీ, అంటే ఆర్సీలో ఉన్న ఫైనాన్స్ వాళ్ళ పేరు, క్యాన్సిల్‌కి ఫారం 35. ఇవన్నీ ఎవరు ఎన్ని రోజుల్లో ఇస్తారో పాటకి ముందే రాతపూర్వకంగా అడగండి, "వచ్చేస్తాయి సార్" అన్న మాట నమ్మి డబ్బు కడితే నెలల తరబడి బండి ఇంటి ముందు బొమ్మలా ఉంటుంది.

గవర్నమెంట్ ఆఫీసుల వేలం బళ్ళది వేరే దారి, వాటికి ఫారం 32. 15 ఏళ్ళు దాటిన సర్కారు బళ్ళకి 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు, తుక్కుకే పోతాయి, చవగ్గా జీపు దొరికిందని ఎగబడకండి.

ఇక బండి చూడ్డం. టెస్ట్ డ్రైవ్ సాధారణంగా ఇవ్వరు, ఉన్నది ఉన్నట్టు తీస్కోవాలి అని రాసే ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే సెల్ఫ్ కొట్టించండి, ముందే వేడి చేసి ఉంచితే ఎందుకో అడగండి. తాళం ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లకి ఆరాలి. అస్సలు వెలగలేదంటే ఎవడో లైటే పీకేశాడని డౌట్ పడండి, అంటే గట్టిగా గుద్దిన బండి అయ్యుండొచ్చు. డోర్ బీడింగ్ కొంచెం లాగితే కింద కంపెనీ వెల్డింగ్ చుక్కలు వరసగా కనపడాలి, నున్నగా మెత్తినట్టు ఉంటే అక్కడ టింకరింగ్ జరిగింది. ఛాసిస్ నెంబర్ ఆర్సీతో అక్షరం అక్షరం కలపండి.

వరద బండి మాత్రం ఫ్రీగా ఇచ్చినా వద్దు. 2018 తిత్లీ తుఫానుకి మన వంశధార సైడు, 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని బళ్ళు మునిగాయో అందరం చూశాం. సీటు బెల్టు చివరిదాకా లాగండి, బయటికి కనపడే ముక్క కడుగుతారు గానీ లోపల చుట్టుకున్న చోట బురద గీత అలాగే ఉంటుంది. స్టెప్నీ తీసి ఆ గుంటలో వేలు పెట్టి చూడండి, సీటు కింద బోల్టులకి తుప్పు ఉందేమో చూడండి. లోపల సెంటు వాసన గుప్పుమంటే ఇంకా అనుమానం.

కోరాపుట్, రాయగడ మైనింగ్ సైడు తిరిగిన బొలేరోలకి క్లచ్, బ్రేకులు, సస్పెన్షన్ ఘాట్‌లో అరిగిపోయి ఉంటాయి, గోపాల్‌పూర్ సైడు బళ్ళకి ఉప్పుగాలి వల్ల అడుగున తుప్పు. మెకానిక్‌కి రోజు కూలీ ఇచ్చి తీస్కెళ్ళండి, అక్కడ కక్కుర్తి పడొద్దు.

డబ్బు కట్టేశాక బండిని యార్డు నుంచి కదిపే ముందే ఇన్సూరెన్స్ చేయించండి, సీజింగ్ బళ్ళకి చాలావరకు అది అయిపోయే ఉంటుంది. ఇంకా నడుస్తున్న పాలసీ ఉంటే 14 రోజుల్లో మీ పేరుకి మార్పించండి, పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు. హైవే మీద నడుపుకుంటూ వచ్చేద్దాం అనుకోకండి, ఎన్నాళ్ళు ఎండలో నిలబడిందో తెలీని టైర్లవి, లారీ మీద వేయించి ఇంటికి తెచ్చి ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్చాకే రోడ్డెక్కించండి.