డిస్క్ ప్లేటు సైజు: బీచ్ రోడ్డు లెక్క వేరు, ఘాట్ లెక్క వేరు

ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా చక్కగా పట్టే సైకిలు డిస్క్ బ్రేకు, సింహాచలం కొండ దిగేటప్పుడు సగం దారిలోనే మెత్తబడుతోందా? కేబుల్, ప్యాడ్లు బాగానే ఉంటే రోటర్ సైజు చూడండి. చక్రంతో పాటు తిరుగుతూ, బ్రేకు వేస్తే ప్యాడ్లు పట్టుకునే గుండ్రటి ప్లేటు ఇది. మన మెకానిక్‌లు డిస్క్ ప్లేటు అనేది దీన్నే.

తేడా ఎక్కడుందో ఒక లెక్కలో తేలిపోతుంది. మీరు, సైకిలు, బ్యాగు కలిపి 90 కిలోలు అనుకోండి. గంటకు 30 కి.మీ. వేగం నుంచి ఒకసారి పూర్తిగా ఆగితే బ్రేకులు మింగేది సుమారు 3 కిలోజౌళ్లు. వేగం పెరగనివ్వకుండా 100 మీటర్ల ఎత్తు దిగితే 88 కిలోజౌళ్లు. గాలి కొంత తగ్గించినా, దాదాపు పాతిక సార్లు వరుసగా ఆగినట్టే. ఆ వేడంతా ప్లేట్లలోకి, ప్యాడ్లలోకే పోవాలి. అందుకే సైజు ఎంచుకునేటప్పుడు రోజూ తిరిగే రోడ్డు కాదు, దిగే వాటిలో అన్నిటికంటే పొడుగైన దిగుడు చూసుకోవాలి.

దొరికే సైజులు ముఖ్యంగా 140, 160, 180, 203 మి.మీ. 160 నుంచి 180కి మారితే, లీవర్ అంతే బలంతో నొక్కినా పట్టు సుమారు 12 శాతం పెరుగుతుంది. 203కి వెళ్తే 27 శాతం. వేడి తట్టుకోవడం దానికి అదనం.

మా సలహా: బీచ్ రోడ్డు, ఆఫీసు, అప్పుడప్పుడు కైలాసగిరి వరకైతే రెండు వైపులా 160 చాలు. మొత్తం బరువు 90 దాటి సింహాచలం తరచూ ఎక్కుతుంటే ముందు 180, వెనక 160. సామాను కట్టుకుని అనంతగిరి మీదుగా అరకు వెళ్లివచ్చేవాళ్లు, మొత్తం 110 కిలోలు దాటితే ముందు 203, వెనక 180 ఆలోచించవచ్చు, ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం) ఒప్పుకుంటేనే. ఒకటే మార్చే డబ్బుంటే ముందుది మార్చండి. బ్రేకు వేయగానే బరువంతా ముందుకు వస్తుంది. వెనక పెద్దది వేసి ముందు చిన్నది ఉంచితే వెనక చక్రం ఊరికే జారుతుంది, అంతే.

కొనేముందు మూడు చూడాలి. ఫోర్క్‌కూ, ఫ్రేముకూ కంపెనీ చెప్పిన గరిష్ఠ సైజు ఎంతో తెలుసుకోండి. చవక సస్పెన్షన్ ఫోర్కులు చాలావాటికి 203 వద్దు. హబ్ (చక్రం మధ్య భాగం) ప్లేటును ఆరు బోల్టులతో పట్టుకునేదా, ఒకే రింగుతో బిగించే సెంటర్‌లాకా? సెంటర్‌లాక్ హబ్‌కు అడాప్టర్‌తో ఆరు బోల్టుల ప్లేటు ఎక్కుతుంది, ఆరు బోల్టుల హబ్‌కు సెంటర్‌లాక్ ప్లేటు మాత్రం ఎక్కదు. మూడోది కాలిపర్ అడాప్టర్. కాలిపర్ అంటే ప్యాడ్లు కూర్చునే భాగం. 160కే చేసిన పోస్ట్ మౌంట్ (కాలిపర్ బోల్టులు నేరుగా ఫోర్క్‌లోకి దిగే) ఫోర్క్‌కు 180 వేయాలంటే ప్లస్ 20 అడాప్టర్, దానికి సరిపడా పొడుగు ఎం6 బోల్టులు కావాలి. అదే ఫోర్క్‌కు 140 మాత్రం వేయలేరు.

అడాప్టర్ తప్పితే ఏమవుతుంది? ప్లేటుకు కావలసిన దానికంటే కాలిపర్ పైకి కూర్చుంటే ప్యాడ్ పై అంచు ప్లేటుకు తగలదు. అక్కడ అరగకుండా చిన్న గట్టు మిగులుతుంది. కొన్ని వారాలకు రెండు ప్యాడ్ల గట్లూ ఒకదానికొకటి ఆనుకుంటాయి. లీవర్ గట్టిగానే ఉంటుంది, సైకిలు మాత్రం ఆగదు. చూడటానికి అంతా బాగానే ఉంటుంది కాబట్టి ఇదే అన్నిటికంటే ప్రమాదకరం. కాలిపర్ కిందికి కూర్చుంటే ప్లేటు లోపల గీసుకుంటుంది, అది వెంటనే తెలిసిపోతుంది.

ప్లేటు మీద రెజిన్ ప్యాడ్లే వాడాలని రాసి ఉంటే మెటల్ ప్యాడ్లు పెట్టకండి, త్వరగా అరిగిపోతుంది.

బోల్టుల బిగింపుకు టి25 (నక్షత్రం ఆకారపు) కీ కావాలి. సముద్రపు గాలికి పాత బోల్టుల తలల్లో తుప్పు, ఇసుక గట్టిపడి ఉంటాయి. పిన్నుతో గీకి, కీ అడుగుదాకా దిగాకే తిప్పండి, లేకపోతే తల చెడిపోతుంది. కొత్త ప్లేటును బాణం గుర్తు చక్రం తిరిగే దిక్కుకు ఉండేలా పెట్టి, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి: షిమానో కంపెనీ ప్లేటుకు 2 నుంచి 4 న్యూటన్ మీటర్లు, శ్రామ్‌కు సుమారు 6. సెంటర్‌లాక్ రింగుకైతే 40. హైడ్రాలిక్ (కేబుల్ బదులు ద్రవంతో పనిచేసే) బ్రేకు అయితే కాలిపర్ బోల్టులు వదులు చేసి, లీవర్ నొక్కి పట్టుకుని బిగిస్తే మధ్యకు వస్తుంది. ప్లేటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఆ తర్వాత వేలు కూడా తగలనివ్వకండి.

చివరగా, ప్యాడ్లు కొత్త ప్లేటుకు అలవాటు పడేలా, ఖాళీ రోడ్డు మీద గంటకు 20–25 కి.మీ. వేగం నుంచి నడక వేగం దాకా, చక్రం లాక్ కాకుండా, ఇరవై సార్లు తగ్గించండి. మొదట పట్టు తక్కువగా, చప్పుడు ఎక్కువగా ఉంటుంది. పది పన్నెండు సార్లకు లీవర్ కింద తేడా తెలుస్తుంది. అది తెలిసేదాకా కొండ ఎక్కకండి.