ఓడ రికార్డు చదవడం – 3వ పాఠం: తేదీల మధ్య ఏం జరిగింది?

ఓడ పేరు, నంబరు పట్టుకోవడం అయింది. ఇక తేదీలు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులను శత్రు తీరానికి చేర్చిన అమెరికా నౌక ‘బేఫీల్డ్’ (ఏపీఏ-33) రికార్డు తీసుకుందాం. ఏపీఏ అంటే ఇలాంటి నౌకలకు అమెరికా నౌకాదళం ఇచ్చిన గుర్తు.

కాగితం మీద వరసగా రాసుకోండి: జలప్రవేశం 1943 ఫిబ్రవరి 15. కమిషన్ (నౌకాదళ సేవలోకి అధికారికంగా చేర్చుకోవడం) జూన్ 30. మళ్లీ కమిషన్ నవంబర్ 20. డీకమిషన్ (సేవ నుంచి తప్పించడం) 1968 జూన్ 28.

కమిషన్ రెండుసార్లు కనబడగానే అచ్చుతప్పు అనుకుని ఒకటి కొట్టేయకండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో సరుకు ఓడ నమూనాలో కట్టిన దీన్ని మొదటి కమిషన్ కింద కొద్దిపాటి సిబ్బందితో అమెరికా తూర్పు తీరంలోని బ్రూక్లిన్‌కు తెచ్చి, దాడి నౌకగా, అంటే సైనికులను శత్రు తీరంలో దించే నౌకగా మార్చారు. యుద్ధ సేవ లెక్క నవంబర్ 20 నుంచే కట్టాలి. జలప్రవేశం నుంచి అప్పటికి 278 రోజులు. ‘హాస్కెల్’ (ఏపీఏ-117)కు పట్టింది 90 రోజులే. మొదటినుంచీ దాడి నౌకగానే గీసిన నమూనా కావడమే ముఖ్య కారణం. అందుకే మధ్య విరామం ఎక్కువగా ఉంటే ముందు వెతకాల్సింది మార్పిడి పనుల కోసం.

ఇప్పుడు 1944 జూన్ 6, ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీద మిత్రదేశాల దళాలు దిగిన రోజు. రికార్డులో ‘యూటా తీరంలో (నార్మండీలో ఒక భాగానికి పెట్టిన సంకేత నామం) దళాలను దించింది’ అని ఒక్క ముక్కే ఉంటుంది. దాన్ని విప్పాలి. నౌకలు ఆగింది తీరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో. సైనికులను ఓడ నుంచి ఒడ్డుకు చేర్చే ఎల్‌సీవీపీ పడవ పొడవు 36 అడుగులు, 36 మంది పడతారు, వేగం 9 నాట్లు, అంటే గంటకు 16.7 కిలోమీటర్లు. తిన్నగా వెళ్లినా 72 నిమిషాలు. తొలి దళం 6:30కి ఒడ్డెక్కాలంటే పడవలు చీకట్లోనే నీళ్లలోకి దిగాలి, మిగతావి నిండేదాకా గుండ్రంగా తిరుగుతూ కాచుకోవాలి.

సైనికులు దిగేది ఓడ పక్కన వేలాడే తాళ్ల వల మీదుగా. చేతులతో నిలువు తాళ్లనే పట్టుకోవాలి. అడ్డ తాడు పట్టుకుంటే పైనున్నవాడి బూటు వేళ్ల మీద పడుతుంది. పడవ అల మీద పైకి లేచిన క్షణంలోనే వల వదలాలి. కిందికి జారుతున్నప్పుడు వదిలితే కాలు విరుగుతుంది, లేదా ఓడకూ పడవకూ మధ్య నలిగిపోతారు. రికార్డులో ‘సముద్రం అల్లకల్లోలం’ అన్న మాట కనబడితే ఈ వలను గుర్తు తెచ్చుకోండి.

దళాలు దిగాక కూడా బేఫీల్డ్ జూన్ 25 దాకా అక్కడే ఉంది, సరఫరా నౌకగా, ఆసుపత్రిగా. తేదీల మధ్య ఖాళీని ‘విశ్రాంతి’ అని రాసేయడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు.

అభ్యాసం: ఒక ఓడలో 1,500 మంది, 20 పడవలు. పైన చెప్పిన దూరం, వేగమే. చివరి దళం మొదటి దళం తర్వాత ఎంతసేపటికి ఒడ్డు చేరుతుంది?

జవాబు: ఒక విడతకు 720 మంది, కాబట్టి మూడు విడతలు. మధ్యలో నాలుగు ప్రయాణాలు, 288 నిమిషాలు. ఇందులో వల దిగే సమయం లేదు. విడతకు 20 నిమిషాలు వేసి మళ్లీ కట్టి చూడండి.