అపార్ట్‌మెంట్ ఉగాదికి ప్రపంచ క్విజ్

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఉగాది క్విజ్‌కి నలుగురేసి చొప్పున ఆరు జట్లు, 20 ప్రశ్నలు చాలు. టై పడితే అడగడానికి ఇంకో ఐదు దాచుకోండి. ఇక్కడి పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. అందుకని ప్రశ్నని తెరమీద వదిలేయకుండా రెండుసార్లు చదివి, 30 సెకన్లు ఇవ్వండి. జవాబు చీటీ మీద రాయించాలి, నోటితో చెప్పిస్తే పక్క జట్టు వినేస్తుంది.

గొడవంతా ప్రశ్న రాయడంలోనే పుడుతుంది. "దక్షిణాఫ్రికా రాజధాని ఏది?" అని అడిగారో, ప్రిటోరియా, కేప్‌టౌన్, బ్లూమ్‌ఫాంటీన్ మూడూ వస్తాయి, మూడూ ఒప్పే! "పార్లమెంటు ఉన్న రాజధాని ఏది?" అనండి, కేప్‌టౌన్ ఒక్కటే మిగులుతుంది. అతి పొడవైన నది జోలికి అసలు పోవద్దు. నైలా, అమెజానా అన్నది కొలిచేవాళ్లకే తేలలేదు. పాత పుస్తకంలోంచి ఎత్తితే కజకిస్థాన్ దగ్గర దొరికిపోతారు: రాజధాని పేరు 2019లో నూర్‌సుల్తాన్ అయి, 2022లో మళ్లీ అస్తానా అయింది.

జెండాల రౌండులో చాద్, రొమేనియా వద్దు. రెండూ నీలం, పసుపు, ఎరుపు నిలువు పట్టీలే. చాద్ నీలం కాస్త ముదురు, అంతే. పగటి వెలుతురులో ప్రొజెక్టర్ మీద ఆ తేడా ఎవరి కంటికీ ఆనదు.