పికప్ వెనుక టైరు ఒరుసుకుంటోందా? కోయించే ముందు కొలవండి

ఆకివీడు, భీమవరం వైపు రొయ్యల ట్రేలు మోసే పికప్‌లకు కాలువ గట్ల గుంతల్లో నేల తగలకూడదని చాలామంది పెద్ద టైర్లు వేయిస్తారు. లోడు పడగానే వెనుక నుంచి రబ్బరు కాలిన వాసన వస్తుంది. వెంటనే మడ్‌గార్డు కోయించేస్తారు. నేనూ కోయించాను, రాపిడి ఆగలేదు. అసలు లోపం కమాను కట్టల్లో, అంటే వెనుక ఇరుసు మీద బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగుల్లో ఉంది.

ముందు లెక్క చూసుకోండి. 215/75 ఆర్15 సైజు టైరు తీసి 235/75 ఆర్15 వేస్తే (మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు) టైరు ఎత్తు 30 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అందులో మడ్‌గార్డు వైపు వెళ్లేది సగం, 15 మాత్రమే. పాత రిమ్మే ఉంటే టైరు లోపలి పక్క కట్టల వైపు సుమారు 10 మిల్లీమీటర్లు జరుగుతుంది. బండి ఖాళీగా ఉన్నప్పుడు తగలకుండా లోడుతోనే తగులుతోందంటే టైరుకన్నా ముందు కట్టలను అనుమానించాలి.

తగిలే చోటు కనిపెట్టడానికి సుద్దముక్క చాలు. మడ్‌గార్డు లోపలి అంచుకు, కట్టల పక్కకు, షాక్ అబ్జార్బర్‌కు దట్టంగా పూసి, మామూలు లోడుతో గుంతల దారిలో ఒకసారి తిరిగి రండి. సుద్ద చెరిగిన చోటే టైరు తగులుతోంది.

తరువాత చదునైన నేల మీద, ముందు చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి టేపుతో కొలవండి. కట్ట ముందు కొన బోల్టు నుంచి ఇరుసు మధ్యకు దూరం రెండు వైపులా సమానంగా ఉండాలి. తేడా కనిపిస్తే, ముఖ్యంగా ఒక పక్కే ఒరుసుకుంటుంటే, కట్ట పట్టీలను మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు తెగి ఇరుసు జరిగి ఉండవచ్చు. అప్పుడు బండిని లోడుతో నడపకండి.

మన ప్రాంతంలో కట్టలు త్వరగా దెబ్బతినడానికి ఒక కారణం ట్రేల నుంచి కారే ఉప్పునీరు. అది పట్టీల మధ్య, కట్టను ఇరుసుకు బిగించే యు ఆకారపు బోల్టుల (యు బోల్టుల) మరల్లో నిలిచి తుప్పు పట్టిస్తుంది. లోడు దించిన ప్రతిసారీ అడుగు భాగాన్ని మంచినీటితో కడగండి. వంపు పోయిన కట్టలకు మళ్లీ వంపు పట్టించాలి, విరిగిన పట్టీ ఉంటే మార్చాలి. యు బోల్టులు మాత్రం కొత్తవే వేయించండి, పాతవాటిని తిరిగి బిగిస్తే పట్టు ఉండదు. కింద దూరే ముందు బండిని గట్టి స్టాండ్ల మీద నిలపండి, జాకీ ఒక్కదాన్ని నమ్మి ఎవరూ దూరకూడదు.

ఇవన్నీ సరిచేశాక కూడా మడ్‌గార్డు అంచు తగిలితేనే దాన్ని మడవడం, అవసరమైనంత మేర కోయడం. ముందుగా వైర్లు, బ్రేకు గొట్టం పక్కకు తప్పించండి. కోసిన అంచుకు ప్రైమర్ పూయండి. లోపలి వైపు కట్టలకు తగులుతుంటే సరైన ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందో చెప్పే కొలత) ఉన్న రిమ్ వేయించుకోవడం మేలు. బరువు మోసే బండికి స్పేసర్లు, అంటే చక్రాన్ని బయటికి జరిపే దళసరి బిళ్లలు, నేను సలహా ఇవ్వను, బేరింగుల మీద భారం పెరుగుతుంది.

చివరగా మళ్లీ సుద్ద పూసి, పూర్తి లోడుతో, ఒక వెనుక చక్రం గట్టు ఎక్కేలా నడిపి చూడండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యు బోల్టులను మరోసారి బిగించండి. టైరు పెద్దదయింది కాబట్టి, పాత టైర్లతో సరిగ్గా చూపిన స్పీడోమీటరు ఇప్పుడు 60 చూపుతున్నప్పుడు బండి వేగం 62 దాటుతుంది, దాన్ని గుర్తుంచుకుని నడపండి.