సిటీ ఆర్డినెన్స్ చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: శిక్ష ఎక్కడ రాసి ఉంది?

పోయిన పాఠంలో నిర్వచనాలు చదివాం. ఈసారి సెక్షన్ చివరికి వెళ్దాం. చాలామంది "ఇది చేయకూడదు" అన్న వాక్యం దాకా చదివి ఆపేస్తారు. చేస్తే ఏమవుతుందో దాని కింద ఉంటుంది.

(కొత్తగా చేరినవాళ్లకు ఒక మాట. ఇండియాలో ఆర్డినెన్స్ అంటే రాష్ట్రపతో గవర్నరో జారీ చేసేది. అమెరికాలో సిటీ కౌన్సిల్ చేసే స్థానిక చట్టాన్ని అలా అంటారు.)

మనవాళ్లు బాగా స్థిరపడ్డ నార్త్ కరోలినానే తీసుకుందాం. 2021 డిసెంబర్ 1 నుంచి అక్కడ ఒక నియమం వచ్చింది. ఫలానాది నేరమని ఆర్డినెన్స్‌లోనే రాసి ఉంటే తప్ప, దాన్ని మీరడం నేరం కాదు. చెట్లు, హోర్డింగుల లాంటి కొన్ని విషయాల్లో అయితే అలా రాసినా చెల్లదు. దాంతో ఆ రాష్ట్రంలోని షార్లెట్ నగరంలో చాలా నిబంధనలకు క్రిమినల్ శిక్ష పోయింది. 2024లో కౌన్సిల్ బహిరంగంగా మద్యం తాగడం, మూత్ర విసర్జన లాంటి కొన్నింటికి దాన్ని మళ్లీ పెట్టింది. ఇల్లు లేనివాళ్ల మీదే ఈ భారం పడుతుందని వాళ్ల తరఫున పనిచేసేవాళ్లు వాదించారు.

ఇప్పుడు పాఠం కోసం నేను రాసిన ఈ రెండు వాక్యాలు చూడండి.

అ) "ఈ సెక్షన్‌ను ఉల్లంఘిస్తే 100 డాలర్ల సివిల్ పెనాల్టీ."

ఆ) "ఈ సెక్షన్‌ను ఉల్లంఘించడం క్లాస్ 3 మిస్‌డిమీనర్." (మిస్‌డిమీనర్ అంటే చిన్న స్థాయి నేరం. నార్త్ కరోలినాలో క్లాస్ 3 అందులో అన్నిటికన్నా తేలికది.)

ఏది బరువైనది? డబ్బు చూస్తే మొదటిదే అనిపిస్తుంది. రెండోదాంట్లో అంకె లేదు కాబట్టి రాష్ట్ర చట్టం ప్రకారం జరిమానా 50 డాలర్లు దాటదు. ఆర్డినెన్స్‌లో ప్రత్యేకంగా రాసుకుంటే 500 దాకా వెళ్లొచ్చు. కానీ మొదటిది సిటీకి బాకీ మాత్రమే. కట్టకపోతే అప్పు వసూలుకు వెళ్లినట్టు సివిల్ కోర్టుకు వెళ్తారు. రెండోది క్రిమినల్ కేసు. సిటిజన్‌షిప్ దరఖాస్తులో పోలీసులు ఎప్పుడైనా అరెస్టు చేశారా, సైటేషన్ (కోర్టుకు రమ్మని ఇచ్చే నోటీసు) ఇచ్చారా అని అడుగుతారు. 50 డాలర్ల సంగతే కదా అని తీసిపారేయకండి, లాయర్‌ను అడగండి.

2021 మార్పులోనే ఇంకొకటి ఉంది. దాన్ని అందరికీ చెప్పాలని నా తాపత్రయం. మొదటి ఆరోపణ నాటి నుంచి 30 రోజుల్లో మళ్లీ అదే ఉల్లంఘన జరగలేదని చూపిస్తే కోర్టు దోషిగా తేల్చకూడదు. నిరుద్యోగం, ఇల్లు లేకపోవడం, మానసిక ఆరోగ్యం, మత్తు అలవాటు లాంటి మూలకారణాలకు సాయం కోసం నిజాయితీగా ప్రయత్నించినట్టు ఆధారం చూపినా అంతే. శిక్షను వెనక్కి తెచ్చిన ఊళ్లలోనూ ఈ దారి మూసుకుపోలేదు. ఇది అవసరమైన మనిషికి దీని సంగతి తెలియకపోతే చట్టంలో ఉండీ లాభం లేదు.

అభ్యాసం: మీ సిటీ కోడ్‌లో ఒక సెక్షన్ తెరిచి "మిస్‌డిమీనర్" అన్న మాట కోసం వెతకండి. అక్కడ లేకపోతే ఆ అధ్యాయం చివర, పెనాల్టీల సెక్షన్‌లో చూడండి. తర్వాత కౌన్సిల్ అజెండా కూడా తెరవండి. నార్త్ కరోలినాలో క్రిమినల్ శిక్ష ఉన్న ఆర్డినెన్స్‌ను ప్రవేశపెట్టిన సమావేశంలోనే ఆమోదించకూడదు. అంటే వెళ్లి మాట్లాడటానికి మీకు తర్వాతి సమావేశం దాకా టైం ఉంటుంది.