నిషాపూర్ గిన్నె కొనేముందు అక్షరం మీది పగుళ్లు చూడండి

ఇరాన్‌లోని నిషాపూర్‌లో 10వ శతాబ్దంలో చేసిన గిన్నెల్లో, తెల్లమట్టి పూత మీద నల్లటి కూఫీ (కోణాలు తేలిన పాత అరబ్బీ లిపి) అక్షరాలున్నవంటే సేకర్తలకు ప్రాణం. పది రెట్ల భూతద్దంతో ఒక్క అక్షరం అంచు దగ్గర ఆగి చూడండి. అసలు రాత సీసపు గ్లేజు, అంటే గాజులాంటి పైపూత, కింద ఉంటుంది. అందుకే గ్లేజులోని సన్నటి పగుళ్లు తెలుపు మీంచి నలుపు మీదకి తెగకుండా సాగిపోతాయి. అక్షరం దగ్గర పగులు మాయమైందా, పైన కొత్తరంగు వేశారేమో అనుమానించాలి. చీకట్లో 365 నానోమీటర్ల యూవీ టార్చి వేయండి, అతికిన చోటు తరచూ వేరుగా మెరుస్తుంది. అతుకులున్నాయని వదులుకోకండి, తవ్వకాల్లో ఎక్కువగా దొరికేవి ముక్కలే. రాతలో అసలెంతో తేల్చుకుని ధర మాట్లాడండి. అందులో తిండి మాత్రం పెట్టకండి, గ్లేజులో సీసం ఉంటుంది.