బెంగళూరు నుంచి గన్నవరానికి ఎంత దూరం, ఎంతసేపు: లెక్క కట్టే పద్ధతి

బెంగళూరులో ఉంటూ పండగకో పెళ్లికో విజయవాడ వెళ్లేవారు ముందుగా విమాన దూరాన్ని రోడ్డు దూరం నుంచి విడదీసి చూడాలి. రోడ్డు మీద ఆరు వందల కిలోమీటర్లు దాటే ఈ దారి ఆకాశంలో ఐదు వందలకు లోపే ఉంటుంది. ఆ అంకెను ఎవరికి వారు కాగితం మీద తేల్చుకోవచ్చు.

మ్యాప్‌లో రెండు విమానాశ్రయాల (బెంగళూరుది దేవనహళ్లిలో, విజయవాడది గన్నవరంలో) అక్షాంశ రేఖాంశాలు తీసుకోండి. నగరాల పేర్లతో కాక విమానాశ్రయాల పేర్లతోనే వెతకాలి. 2008లో ప్రయాణికుల విమానాలు దేవనహళ్లికి తరలిపోయినా పాత హెచ్‌ఏఎల్ విమానాశ్రయం మ్యాపుల్లో ఇంకా ఉంది. పొరపాటున దాన్ని ఎంచుకుంటే మొదలయ్యే చోటే దాదాపు 27 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది.

దేవనహళ్లి అక్షాంశం 13.20, రేఖాంశం 77.71, గన్నవరానివి 16.53, 80.80. ఒక డిగ్రీ అక్షాంశానికి సుమారు 111 కిలోమీటర్లు కాబట్టి, అక్షాంశాల తేడా 3.33ను 111తో గుణిస్తే 370 కిలోమీటర్లు వస్తుంది. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కాబట్టి, మన ప్రాంతంలో వాటి తేడా 3.09ను 107తో గుణిస్తే చాలు, 331 వస్తుంది. ఈ రెండింటి వర్గాలను కూడి వర్గమూలం తీస్తే సుమారు 496 కిలోమీటర్లు. బడిలో నేర్చుకున్న లంబకోణ త్రిభుజ సూత్రమే ఇది. ఇంత తక్కువ దూరాలకు భూమి వంపు వల్ల వచ్చే తేడా పట్టించుకోదగినది కాదు. చెన్నై నుంచి రాజమండ్రి మధురపూడికి కూడా ఇదే పద్ధతిలో దాదాపు 490 కిలోమీటర్లు వస్తుంది.

సమయం విషయానికి వస్తే, ఏ రకం విమానమో చూడకుండా లెక్క కట్టడం వృథా. రెక్కలకు పంకాలుండే ఏటీఆర్ 72 గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పోతే, ఎయిర్‌బస్ ఏ320 సుమారు 830 కిలోమీటర్ల వేగంతో పోతుంది. టికెట్ కొనేటప్పుడు విమానం రకం కూడా చూపిస్తారు, దాన్ని తప్పక చూడండి. దూరాన్ని వేగంతో భాగిస్తే ఏటీఆర్‌కు గంట, ఏ320కి 36 నిమిషాలు. పైకెక్కేటప్పుడూ దిగేటప్పుడూ వేగం తక్కువ, రన్‌వే దిశను బట్టి చుట్టు తిరగడమూ ఉంటుంది కాబట్టి మరో పావుగంట కలపండి.

టికెట్ మీద కనిపించేది ఈ గాలిలో గడిపే సమయం కాదు. నిలిచి ఉన్న చోటు నుంచి విమానం కదిలిన క్షణం మొదలు, అవతల ఆగి చక్రాలకు మళ్లీ అడ్డు దిమ్మెలు పెట్టేదాకా అయ్యేదంతా అందులో ఉంటుంది. దేవనహళ్లిలో విమానం నేల మీద రన్‌వే దాకా వెళ్లడానికి, రద్దీ వేళల్లో వరుసలో ఆగడానికి పట్టే నిమిషాలను కూడా విమాన సంస్థలు ముందే కలిపి వేస్తాయి. అందుకే మన లెక్కకు మరో 20 నిమిషాలు చేర్చి టికెట్‌తో పోల్చుకోవాలి. అప్పుడు ఏటీఆర్‌కు గంటన్నరకు కొంచెం ఎక్కువ, ఏ320కి గంటంబావు దగ్గర తేలుతుంది.

రాత్రి బస్సుతో పోల్చదలిస్తే మాత్రం ఇంటి గడప నుంచి లెక్క మొదలుపెట్టండి. మెజెస్టిక్ నుంచి దేవనహళ్లి సుమారు 35 కిలోమీటర్లు, గన్నవరం నుంచి విజయవాడ దాదాపు 20. దేశీయ విమానాలకు చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు కాబట్టి, ఇవ్వడానికి సామాను ఉంటే హెబ్బాళ ట్రాఫిక్‌ను కూడా తలచుకుని ఇంకా ముందే బయలుదేరాలి.